అన్న పేరు ముద్ద

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఉప్పుగూడలోని మా ఇంట్లో అందరం భోజనానికి కూర్చున్నాం. తొమ్మిదేళ్ళ నా మనుమరాలు ఇంకో పూరీ కోసం చెయ్యి చాపితే, మా అబ్బాయి చేతిలోని ఫోను మీది నుంచి తల ఎత్తకుండానే "చాలుతియ్ ఇగ, డాక్టర్ ఏం చెప్పిండు?" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు, ఉన్నదంతా బెంగే. బడిలో పిల్లల బరువులు చూసి, దీనిది వయసుకు మించి ఉందని చెప్పినప్పటి నుంచి వాడికీ, మా కోడలికీ ఇంకో ధ్యాస లేదు. అయినా ఆ పిల్ల చాపిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని, కంచంలో మిగిలిన కూరను వేలితో అటూ ఇటూ జరుపుతూ, ఎవరి ముఖమూ చూడకుండా కూర్చుంటే నాకు మాత్రం అన్నం సహించలేదు. దాని వయసులో అట్లా వెనక్కి తీసుకున్న చెయ్యి ఒకటి నాకు బాగా తెలుసు. అది నాదే.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నతనంలో బొద్దుగా ఉన్న పిల్ల అంటే ఇంటికి కళ. చుట్టాలొస్తే ముందు అట్లాంటి పిల్లనే ఒళ్ళో కూర్చోబెట్టుకుని బుగ్గలు పుణికి, తల్లిని మెచ్చుకునేవాళ్ళు. మా ఇల్లు లాడ్ బజార్ వెనక గల్లీలో ఉండేది. బజారులో మా బాపుకు గాజుల దుకాణం. తాత చేతుల మీదుగా మొదలైన వ్యాపారం, బాపూ చిన్నాయనా కలిసి నడిపేవాళ్ళు. ఇంట్లో మాత్రం పెత్తనమంతా బాపమ్మది, అంటే బాపు తల్లిది. ఆమె లేవకముందు పొయ్యి అంటుకునేది కాదు, ఆమె చెప్పకముందు వంటింట్లో దీపం ఆరేది కాదు.

నాకు అన్నం తినిపించే పని బాపమ్మ ఇంకెవరికీ ఇచ్చేది కాదు. బడికి పోయే పిల్లనైనా సరే, పొద్దూ మాపూ నన్ను ఎదురుగా పీట మీద కూర్చోబెట్టుకుని, వేడన్నంలో పప్పు, దాని మీద గరిటెడు నెయ్యి పోసి, నా గుప్పిటంత ముద్దలు చేసి, ఒక్కో ముద్దకు ఒక్కో పేరు పెట్టి నోట్లో పెట్టేది. ఇది బాపు ముద్ద, ఇది చిన్నాయన ముద్ద, ఇది గల్లీ చివర నీ కోసం కాచుకున్న మేకపిల్ల ముద్ద. పేర్లన్నీ అయిపోయి, నాకు గొంతుదాకా వచ్చి, ఇంక వద్దని తల తిప్పుకునే వేళకు చివరి ముద్ద ఒకటి మిగిలేది. "ఇది మీ అన్న పేరు ముద్ద" అనేది బాపమ్మ. ఆ ముద్దను నేను ఎన్నడూ వద్దనలేదు.

నాకొక అన్న ఉండేవాడు. నేను పుట్టకముందే జ్వరం వచ్చి, చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో వాడి ఫోటో కూడా లేదు. ఆ రోజుల్లో ఫోటో అంటే పత్తర్ గట్టీలోని స్టూడియో దాకా ముస్తాబై పోవాలి కదా, పిల్లవాడు కొంచెం పెద్దయ్యాక తీయిద్దామనుకున్నారట. అమ్మ వాడి మాట ఎత్తేది కాదు. నాకు తెలిసిన అన్న అంటే ఆ చివరి ముద్దే.

ముద్దలతో అయిపోయేది కూడా కాదు. బడి నుంచి రాగానే బాపమ్మ తన మంచం కింది రేకు డబ్బా బయటికి జరిపేది. దాంట్లో సకినాలో, గారెలో, రవ్వ లడ్లో ఎప్పుడూ ఉండేవి. మధ్యాహ్నం గల్లీలోకి జిలేబీ తట్ట వస్తే నా వాటా నాకు రావలసిందే. ఏడిస్తే ఒక లడ్డు, ఏడుపు మానితే ఇంకొకటి. నేను పదేళ్ళకే గల్లీలో అందరికంటే దొడ్డు పిల్లనయ్యాను. డాబా మెట్లు సగం ఎక్కి ఆగి గోడకు ఆనుకునేదాన్ని. తోటి పిల్లలు తాడాట ఆడుతుంటే తాడు తిప్పే పని నాకిచ్చేవాళ్ళు, దుమికే పని ఎవరూ ఇవ్వలేదు. అదేదో పెద్ద ఉద్యోగమైనట్టు నేను కూడా దర్జాగా తిప్పుతూ నిలబడేదాన్ని. లోపల ఎట్లా ఉండేదో ఎవరికీ చెప్పలేదు.

ఒక శ్రావణమాసంలో, బజారంతా ఆడవాళ్ళతో కిటకిటలాడుతున్న సాయంత్రం, బాపు నాకు కొత్త గాజులు తొడుగుతానని దుకాణానికి పిలిపించాడు. ఆకుపచ్చ గాజుల పెట్టె విప్పి, నా చేతికి సబ్బు నురుగు రాసి, ఎముకలన్నీ దగ్గరికి నొక్కి పట్టుకుని ఎక్కించబోయాడు. పెద్దపెద్ద చేతులకు కూడా నొప్పి తెలియకుండా తొడుగుతాడని మా బాపుకు బజారులో పేరు. ఆ చేతిలో నా గాజు పటుక్కున విరిగింది. రెండోదీ విరిగి బొటనవేలి కింద గీసుకుని కొంచెం రక్తం వచ్చింది. పిల్లల గాజులు పక్కన పెట్టి, చివరికి పెళ్ళయిన ఆడవాళ్ళు తొడుక్కునే సైజు తెచ్చి వేశాడు. బేరానికి కూర్చున్న ఒకామె నవ్వుతూ "సేటు బిడ్డ కదా, తిండికేం తక్కువ" అన్నది. చెడ్డ మనసుతో అన్న మాట కాదు. నేనైతే పెద్దవాళ్ళ గాజులు దొరికాయని సంబరపడుతున్నాను. కానీ బాపు ఆ మాటకు నవ్వలేదు. నా చెయ్యి తన చేతిలోనే పెట్టుకుని, రక్తం ఆగిన చోట బొటనవేలితో నిమురుతూ కూర్చున్నాడు.

మర్నాడు అమ్మ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఊపిరి చూసి, మోకాళ్ళు నొక్కి చూసి, నేను రోజంతా ఏమేం తింటానో అమ్మతో చెప్పించుకుని, రోగమేమీ లేదని, ఒళ్ళు మాత్రం పిల్ల మోయలేనంత అయిందని, ఇప్పుడే తిండీ ఆటా సరిచేస్తే పెరిగే పిల్ల కనుక పెరుగుదలలోనే సర్దుకుంటుందని చెప్పాడు. మందు రాయలేదు. మందు రాసి ఉంటే బాగుండేదని అమ్మ తర్వాత చాలాసార్లు అనుకున్నది. మందైతే బాపమ్మ కాదనేది కాదు.

అమ్మది ఏదైనా పట్టుకుంటే విడవని స్వభావం. ఆ సాయంత్రం నుంచే నా కంచంలో నెయ్యి లేదు, పాలలో చక్కెర లేదు, అన్నం సగం. మిగతా అందరి కంచాలూ ఎప్పటిలాగే. చిన్నాయన వేయించిన ఆలుగడ్డ కరకరలాడిస్తుంటే నేను వాసన చూస్తూ మజ్జిగన్నం తినేదాన్ని. బాపమ్మ ఒక్క రోజు చూసింది, రెండో రోజు కంచం పక్కకు నెట్టి లేచింది.

"ఒకడు తినక పాయె. దీన్ని గూడ పస్తు వెట్టి సంపుతరా?"

అమ్మ వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య మాటలు నా ద్వారానే నడిచాయి. ఉప్పు అయిపోయిందని ఒకరు నాతో చెబితే, మొన్ననే తెచ్చిన ఉప్పు ఎట్లా అయిందో కనుక్కోమని రెండోవారు నాతోనే అడిగించేవాళ్ళు.

నేను ఆ లొల్లిలో ఒక ఉపాయం కనిపెట్టాను. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు సామాన్ల గదిలోకి పోయి బెల్లం తినేదాన్ని. ముందు చిన్న ముక్క, తర్వాత పెద్దది, తర్వాత చేతికందినంత. ఆకలి కాదు, లేదన్న దాని మీద యావ. ఒకనాడు తలుపు తెరుచుకుని మా చిన్నమ్మ నిలబడింది.

చిన్నమ్మ అంటే చిన్నాయన భార్య, కొత్త కోడలు. శంషాబాద్ అవతల పల్లెలో జొన్న చేల మధ్య పెరిగిన మనిషి. ఆమె వంటలో గొప్పదేమీ కాదు. మాటల్లో పడి రొట్టెలు మాడ్చేది, పాలు పొంగించేది, బాపమ్మ చేత రోజూ చీవాట్లు తినేది, తిన్నాక నవ్వేది. నన్ను చూసి అరవలేదు. పక్కనే బియ్యం బస్తాకు ఆనుకుని కూర్చుని, తనూ ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని, "బాగుంది గాని, గిట్ల చీకట్ల కూసోని తింటే రుచి తెలుస్తదా బిడ్డా?" అన్నది. నాకు ఏడుపొచ్చింది. నేను ఏడ్చినంతసేపూ నా వీపు రాస్తూ కూర్చుంది గానీ ఇంకేమీ అడగలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో ఆమె అమ్మతో అన్న మాటలు నేను గడప ఇవతల నుంచి విన్నాను.

"అక్కా, దాని కంచం ఒక్కటే గుంజుకుంటే అది దొంగతిండికే పోతది. మార్చేదుంటే అందరి కంచాలు మారుద్దాం."

"అందరి కంచాలా? మరి అత్తమ్మ?"

"అత్తమ్మ సంగతి నాకిడువు. ఫికర్ చెయ్యకు."

మా చిన్నమ్మ బాపమ్మతో వాదన పెట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే సంచీ పట్టుకుని ఆమె ముందు నిలబడి, తనకు ఈ పట్నం మండీలో బేరాలు రావని, ఉర్దూ మాట్లాడబోతే కూరగాయల వాళ్ళు నవ్వుతున్నారని, నిన్న తెచ్చిన తోటకూర ముదిరిపోయిందని, ఎట్లా ఏరుకోవాలో నేర్పమని అడిగింది. ఇందులో అబద్ధమేమీ లేదు, తోటకూర నిజంగానే ముదిరిపోయింది. బాపమ్మ పెద్దగా నిట్టూర్చి, ఇంట్లో తాను లేకపోతే ఏ పనీ జరగదని నలుగురికీ వినబడేట్టు అని, చెప్పులు వేసుకుంది. సంచీ మోయడానికి నన్ను కూడా రమ్మన్నారు.

అట్లా మొదలైంది మా మీరాలం మండి ప్రయాణం. తాత పోయినప్పటి నుంచి బాపమ్మ ఇల్లు దాటడం తగ్గించింది, నాకేమో గల్లీ దాటే అలవాటే లేదు. మొదటి రోజు చార్మినార్ దాటేసరికే ఇద్దరం ఒగర్చాం. ఒకరినొకరు సాకుగా చూపించుకుని, మూసి ఉన్న దుకాణాల అరుగుల మీద ఆగుతూ ఆగుతూ పోయాం. మండీలో మాత్రం బాపమ్మ వేరే మనిషి అయిపోయింది. "క్యా మియా, యే భాజీ కల్ కీ హై నా?" అని, ఇది నిన్నటి కూరే కదా అని ఆమె నిలదీస్తుంటే అమ్మేవాళ్ళు కిందినుంచి కొత్త కట్టలు తీసి ఇచ్చేవాళ్ళు. నాచేత బెండకాయ కొస తుంపించింది, పుంటికూర ఆకు నమిలించింది, లేత సొరకాయ మీద గోరు గుచ్చి చూపించింది. నేను ఏరిన కూర నేనే తినాలన్న పౌరుషం నాలో ఎప్పుడు పుట్టిందో తెలియదు గానీ, అంతకు ముందు ముట్టని కాకరకాయ కూడా, నా చేత్తో ఏరి తెచ్చాను కనుక, ముఖం చిట్లించకుండా తిన్నాను. చేదుగానే ఉంది. ఇప్పటికీ చేదుగానే ఉంటుంది.

ఇంట్లో కంచాలు ఒక్కొక్కటే మారాయి. రాత్రిళ్ళు అందరికీ జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, పచ్చి ఉల్లిగడ్డ. బాపమ్మకు పళ్ళు సరిగా లేవు కనుక రొట్టెను పప్పులో నానబెట్టి ఇచ్చేవాళ్ళు. బడి నుంచి రాగానే ఉడకబెట్టిన పల్లీలో, జామకాయో. చిన్నాయన మొదట్లో, తాను ఎడ్లబండి తోలే పనికి కుదిరినట్టుందని సణిగాడు. బాపు సణగలేదు గానీ, దుకాణం పక్క హోటల్లో చాయ్‌తో ఖారీ బిస్కట్లు తింటున్నాడని మాకందరికీ తెలుసు. జిలేబీని మాత్రం చిన్నమ్మ ఇంట్లోంచి వెళ్ళగొట్టనివ్వలేదు. ఆమెకు కూడా అదంటే ప్రాణం. దానికంటూ వారంలో ఒక రోజు పెట్టుకుందాం, ఆ రోజు అందరం కూర్చుని వేడివేడిగా తిందాం అన్నది. సామాన్ల గదిలో బెల్లం అట్లాగే ఉంది. నేను పోవడం మానుకున్నాను. మానుకోమని ఎవరూ చెప్పలేదు.

అయినా అన్న పేరు ముద్ద ఆగలేదు. ముద్దలు చిన్నవయ్యాయి, నెయ్యి తగ్గింది, చివరిదొకటి మాత్రం ఎప్పటిలాగే వచ్చేది.

ఒకనాడు మండి నుంచి తిరిగి వస్తూ ఒక అరుగు మీద కూర్చున్నప్పుడు, నాకెందుకు అనిపించిందో గానీ, అన్న ఎట్లా ఉండేవాడని బాపమ్మను అడిగాను. ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగని మాట అది. ఆమె రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

"గడ్డిపోచ లెక్క ఉండె. ఒక్క ముద్ద, ఒక్క ముద్ద అనుకుంట వెంబడి వడేదాన్ని. జెరం వచ్చినంక నోరే తెర్వకపాయె. ఆఖరికి చేతిల ముద్ద చేతిలనే ఉండిపాయె బిడ్డా. నేనే ఇంకింత గట్టిగ తినిపిచ్చి ఉంటె..."

ఆమె ఆ మాట పూర్తి చెయ్యలేదు. చిన్నమ్మ కూరల సంచీ కింద పెట్టి, ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. "జెరం తీస్కపోయింది అత్తమ్మా. ముద్ద తక్కువై పోలే" అన్నది. బాపమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, ఎండెక్కుతున్నదని నడవడం మొదలుపెట్టింది.

ఆ మాటలు చిన్నమ్మ అమ్మకు చెప్పింది. అప్పుడు బయటపడిన సంగతి నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేస్తుంది. పిల్లవాడు పోయింది కోడలి చేతకానితనం వల్లనేనని అత్తగారు మనసులో పెట్టుకున్నదని అమ్మ అన్నేళ్ళూ అనుకుంటున్నదట. అందుకే నా తిండి విషయంలో, గాజులు విరిగిన రోజు దాకా ఆమెకు ఎదురు చెప్పలేదట. అటు బాపమ్మ తనను తానే తప్పు పట్టుకుంటుంటే, ఇటు అమ్మ ఆ తప్పు తన మీద పడిందనుకుంటూ, ఇద్దరూ ఒక్క వంటింట్లో, ఒక్క పిల్ల చుట్టూ తిరిగారు. మర్నాడు మధ్యాహ్నం అమ్మ చిక్కుడుకాయల చాట తెచ్చి బాపమ్మ మంచం పక్కన పెట్టి కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు కాయలు ఒలిచారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు, నన్ను ఆడుకోమని పంపించేశారు. సాయంత్రం ఉప్పు సంగతి అమ్మ బాపమ్మనే అడిగింది.

తర్వాత కొన్నాళ్ళకు, ఒక రాత్రి భోజనాల వేళ, మిగతా పేర్లన్నీ అయ్యాక బాపమ్మ ఆఖరి ముద్ద కలిపింది. ఆ సాయంత్రం నేను గల్లీలో బాగా ఆడి వచ్చాను, కడుపునిండా తిన్నాను, ఇంక చోటు లేదు. జన్మలో మొదటిసారి అన్నాను, "బాపమ్మా, కడుపు నిండింది."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోవడం నాకు కనిపించింది. బాపమ్మ ముద్ద పట్టుకుని నా ముఖంలోకి చూసింది. నేను నోరు మూసుకుని లేను, భయపడి లేను, జ్వరంతో లేను. కాళ్ళకు దుమ్ముతో, చెమటతో, నవ్వుతూ ఉన్నాను. ఆమె ఆ ముద్దను నెమ్మదిగా తన నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. "నిండితే లే బిడ్డా, చేతులు కడుక్కపో" అన్నది.

నేను ఆ తర్వాత సన్నబడి మల్లెతీగనేమీ కాలేదు. మా వంశంలో ఆ తీగ లేదు. కానీ మరుసటి చలికాలానికి మెట్లు ఆగకుండా ఎక్కేదాన్ని, తాడు ఎవరో తిప్పుతుంటే నేను దుమికేదాన్ని, మండి నుంచి వచ్చేటప్పుడు సంచీ నాదీ, బాపమ్మ చెయ్యీ నాదే. ఆమె ఇంకా చాలా ఏళ్ళు, నా పెళ్ళి చూసేదాకా, నడుస్తూనే ఉంది.

ఆదివారం భోజనాలయ్యాక ఇవన్నీ మనసులో తిరుగుతుంటే చిన్నమ్మకు ఫోను చేశాను. ఎనభై దాటినా మాటలో ఆ చురుకు పోలేదు. అంతా విని, "మరి నీ కొడుకు తినుడు ఆపిండా పూరీలు?" అని అడిగింది. ఆపలేదని చెబితే చాలాసేపు నవ్వింది. ఆ సాయంత్రమే మా అబ్బాయినీ, కోడలినీ కూర్చోబెట్టి, నా చెయ్యి సంగతి, బెల్లం సంగతి, ముద్ద సంగతి అన్నీ చెప్పాను. వాడు నిన్న పొద్దున్న కూతురిని బండి మీద ఎక్కించుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయాడు. ఇద్దరూ ఒక సంచీ నిండా కూరలతో, ఎవరు ఏరిన టమాటాలు మెత్తబడ్డాయో పోట్లాడుకుంటూ వచ్చారు. రాత్రి అందరి కంచాల్లో ఒకటే కూర, ఫోన్లు అటక మీద. కొంచెం ఉప్పెక్కువైంది. అయినా మిగల్లేదు.

ఇవాళ సాయంత్రం దాన్ని తీసుకుని మా వీధి చివరిదాకా నడిచి వచ్చాను. అంత దూరానికే ఎన్నిసార్లు దాన్ని ఇటు లాగి అటు లాగి బండ్లకు దారి ఇచ్చానో! ఆ రోజుల్లో మేము నడిచిన నడకకు వ్యాయామమని పేరు లేదు, ఆడిన ఆటకు ఫీజు లేదు, గల్లీ మొత్తం పిల్లలది. ఇప్పుడు పిల్ల పరుగెత్తాలంటే ముందు దాన్ని బండి మీద పార్కుకు మోసుకుపోవాలి. మా బాపమ్మకు పిల్ల తినలేదన్న భయం, నా కొడుక్కు పిల్ల తింటున్నదన్న భయం. ఆ రెండు భయాల మధ్య మాకు మాత్రం కొన్నేళ్ళు, ఆకలైతే తిని, నిండితే లేచి, తడిచేతులు గౌనుకు తుడుచుకుంటూ గల్లీలోకి పరుగెత్తిన సాయంత్రాలు దొరికాయి. అవి ఎంత విలువైనవో ఆడుకుంటున్నప్పుడు మాకేం తెలుసు.